ఎవరు నేర్పారే

1959 జనవరి 19

పొద్దున 98.4. సాయంత్రం 99.

ఆస్పత్రి వాళ్ళిచ్చిన నోటుపుస్తకం ఇది. పదకొండు నెలలు పొద్దునా సాయంత్రం థర్మామీటరు పెట్టుకుని రాసిన అంకెలతో ముందు పేజీలన్నీ నిండిపోయాయి. ఇంటికెళ్ళాక కూడా మూడు నెలలు రాయమన్నారు డాక్టరు గారు. రాస్తాను. అంకె కింద బోలెడు జాగా మిగులుతోంది కాబట్టి నాకు తోచిందల్లా అక్కడ రాసుకుంటాను. ఈ ఇంట్లో ఎనిమిదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. ఆయనకూ బావగారికీ సంతకం వరకే వచ్చు. అందుచేత దీన్ని దాచాల్సిన పని లేదు. అయినా బియ్యం డబ్బా వెనక దాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. బండి దిగేసరికి పాప బసవమ్మక్క చంకలో ఉంది. అక్క అంటే నా తోడికోడలు, బావగారి భార్య. నేను ఆస్పత్రికి వెళ్ళేనాటికి పాపకి తొమ్మిది నెలలు, పాకేది. ఇప్పుడు ఇరవై నెలలు. చేతులు చాచాను. పాప నా వంక ఎగాదిగా చూసి, అక్క మెడలో మొహం దాచుకుని "అమ్మా" అంది.

నన్ను కాదు, అక్కని.

"కొత్త కదా, బెదిరింది. నాలుగు రోజులు పోతే అదే వచ్చిద్ది నీ దగ్గరికి" అంది అక్క. ఆ మాట అనేటప్పుడు మొహం ఎర్రబడింది. ఎందుకు ఎర్రబడాలి?

జనవరి 20

98.6. 99.

నా పళ్ళెం, నా గ్లాసు, నా చాప, అన్నీ విడిగా. కఫంలో ఇక క్షయ లేదని కాగితం ఇచ్చారు గానీ, ఇంకో మూడు నెలలు పిల్లను పక్కలో పడుకోబెట్టుకోవద్దనీ, ముద్దు పెట్టుకోవద్దనీ డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అది డాక్టరు మాట. ఈ ఇంట్లో ఆ మాటను ఎంత ఇష్టంగా పాటిస్తున్నారో చూస్తే ఆశ్చర్యంగా ఉంది. వెయ్యి చెప్పినా వినని అత్తగారు కూడా ఇదొక్కటి మాత్రం తు.చ. తప్పకుండా వింటున్నారు.

జనవరి 23

98.4. 98.8.

పాప నన్ను పిలిచింది. గుమ్మంలో నిలబడి వేలు చూపించి "మల్లీ" అంది.

అత్తగారు పడీ పడీ నవ్వారు. "పేరెట్టి పిలుస్తంది చూడండ్రా, ఆరిందా!" అన్నారు. ఆయనా నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. గబగబా దొడ్లోకి వెళ్ళిపోయింది. నేను గమనించాను.

కన్నతల్లిని పేరు పెట్టి పిలవాలని ఏ బిడ్డకీ కడుపులో ఉండగానే తెలియదు. ఎవరో ఒకరు నేర్పాలి. పాపని దగ్గరికి లాక్కుని గడ్డం పట్టుకుని అడిగాను. "ఎవరు నేర్పారే నీకు? చెప్పు. ఎవరు నేర్పారే?" గుడ్లు మిటకరించి చూసింది గానీ నోరు విప్పలేదు.

జనవరి 26

98.4. 98.6.

ఇవాళ్టి నుంచి పాప నోట వచ్చే ప్రతి మాటా రాస్తాను. ఏ మాట ఎవరి దగ్గర ఎత్తుకుందో రాస్తే దొంగ తనంతట తనే బయటపడుతుంది.

బువ్వ, లాల, జోజో ఇవి అత్తగారివి. "ఛీ పో" కూడా ఆవిడదే, కోళ్ళను తోలేటప్పుడు అంటారు. "హై హై" ఆయనది, ఎడ్లతో అనేది. "దా" అక్కది. "మంట" మాత్రం మిరపకాయల కల్లంలో నేర్చింది. మోకాలు గీసుకున్నా మంటే, పాలు వేడిగా ఉన్నా మంటే, కళ్ళలో ఎండ పడినా మంటే. మొత్తం పదహారు మాటలు వచ్చాయి.

"అమ్మ" ఎవరిదో ఇంకా రాయలేదు. రుజువు దొరికాక రాస్తాను.

పదహారింటిలో ఒక్కటీ నాది కాదు.

ఫిబ్రవరి 1

98.6. 99.2.

వేడి ఎక్కడంలో వింత లేదు. ఈ రోజు నేను విన్నది వింటే ఎవరికైనా ఎక్కుతుంది.

అత్తగారూ అక్కా వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. నేను లోపల పడుకున్నాను, నిద్రపోతున్నానని వాళ్ళ నమ్మకం. "పిల్ల నీకు బాగా మాలిమయింది బసవా. పద్నాలుగేళ్ళయింది నీ పెళ్ళయి, నీకా ఒక నలుసు లేదాయె. దీన్ని నువ్వే పెంచుకోరాదంటే? మల్లి చిన్నదేగా, ఒళ్ళు కుదుటపడితే ఇంకోళ్ళు పుడతారు" అన్నారు అత్తగారు. పచ్చడికి నాలుగు కాయలు అడిగినట్టు అడిగారు!

అక్క ఏదో చెప్పింది. ఒక్క ముక్క వినపడలేదు. గొంతు తగ్గించి, గుసగుసగా చెప్పింది. మంచి మాటయితే గొంతు తగ్గించడం దేనికి?

ఆయనతో చెప్పాను. "అమ్మ ఏదో ఊసుపోక అని ఉంటది, నీకన్నీ అనుమానాలే" అని తువ్వాలు దులుపుకుని పొలం వెళ్ళిపోయారు. ఈయనకు తెలిసే ఉంటుంది. అందరికీ తెలుసు. నేనొక్కదాన్నే బయటిదాన్ని.

ఫిబ్రవరి 4

98.6. 99.

తలుపు ఇవతల నిలబడి విన్నాను. లోపల పాప అక్కతో గలగలా మాట్లాడుతోంది. "అమ్మా, పిల్లి. అమ్మా, పిల్లి బువ్వ." రెండు మాటలు కలిపి కూడా చెబుతోంది! నేను గుమ్మంలో అడుగు పెట్టాను. టక్కున ఆపేసింది. బొమ్మ పట్టుకుని గోడ వైపు తిరిగింది.

నేను వస్తే నోరు మూసుకోమని నేర్పి పెట్టారు. ఇరవై ఒక్క నెలల పిల్లకు ఇంత తర్ఫీదు! మళ్ళీ గడ్డం పట్టుకుని అడిగాను, ఎవరు నేర్పారే, ఎవరు నేర్పారే అని. "మంట" అంది. ఇంట్లో, నీడలో, చలికాలంలో మంటేమిటి? దానికి ఆ మాట అర్థం ఇంకా తెలియదు.

ఫిబ్రవరి 5

98.8. అదే అడిగాను. అదే అంది.

ఫిబ్రవరి 9

98.6. 99.

పొద్దున్నే, ఇంకా వెలుగు పూర్తిగా రాకముందు, అక్క పాపను ఎత్తుకుని గొడ్ల చావిడి వెనక్కి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి తడిక సందులోంచి చూశాను. బొడ్డున దోపుకున్న చిన్న రేకు డబ్బా తీసింది. అందులోంచి ఏదో నల్లటిది తీసి రాతి మీద రెండు చుట్లు అరగదీసింది. బొటనవేలితో తీసి పాప నాలుక మీద రుద్దింది. పాప మొహం చేదుగా పెట్టింది. అక్క దాని చెవిలో ఏదో చెప్పింది. మళ్ళీ మళ్ళీ చెప్పింది. డబ్బా మళ్ళీ బొడ్డున దోపుకుని, నాలుగు వైపులా చూసి లోపలికి వెళ్ళింది.

నాలుగు వైపులా చూసింది!

ఫిబ్రవరి 10

వేడి రాయడం మరిచిపోయాను. మరుగు మందులనేవి నేను నమ్మను. ఇంజెక్షన్లతో బతికినదాన్ని.

ఫిబ్రవరి 11

98.8. 99.4.

నమ్మను. కానీ ఆస్పత్రిలో పక్క మంచం మీద ఉండే ఆమె చెప్పింది, వాళ్ళ ఊళ్ళో ఒకతె అన్నంలో మరుగు మందు కలిపి పెట్టిందట. తిన్నవాడు సొంత తల్లిని గుమ్మం తొక్కనివ్వలేదట, మందు పెట్టినదాని కొంగు వదల్లేదట. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. నా బిడ్డ అక్క కొంగు వదలడం లేదు.

ఫిబ్రవరి 13

98.8. 99.2.

అక్క స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా తీశాను. లోపల వేలి కణుపంత నల్లటి ముక్క, కాల్చింది. ఆముదం వాసన. ఇంకేదో ఘాటు కూడా ఉంది, ఎక్కడో ఎరిగున్న వాసన, కానీ పోల్చుకోలేకపోయాను. ఏం వేసి కాల్చిందో, ఎవరి దగ్గర తెచ్చిందో.

డబ్బా నా దగ్గరే ఉంది. ఇక చూసుకుందాం.

ఫిబ్రవరి 14

కల్లంలో అడిగాను. ఎర్రగా ఎకరం మేర కాయలు ఆరబోసి ఉన్నాయి. పాతికమంది ఆడకూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. అత్తగారున్నారు. పాప గడ్డివాము నీడలో ఉంది. అందరూ వినాలనే అక్కడ అడిగాను.

"నా బిడ్డకు ఏం పెడుతున్నావు?" అని డబ్బా పైకెత్తి చూపించాను.

అక్క చేతిలో చేట ఉంది. డబ్బా చూడగానే మొహంలో రంగు మారింది. "అది... ఇంటికి పోయినాక చెప్తా మల్లీ. ఇక్కడ కాదు" అంది.

"ఇక్కడే చెప్పు! మరుగు మందు పెట్టి నా బిడ్డను తిప్పుకుంటున్నావు!" అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. పిల్లలు లేని ఆడదాన్ని ఎవరూ ఎదురుగా అనకూడని మాట. అది ఇక్కడ రాయను.

కూలీలంతా చేతులాపేశారు. అక్క ఏడవలేదు, తిట్టలేదు. చేట కింద పెట్టింది. కుండలో నీళ్ళతో చేతులు కడుక్కుంది. బూడిద వేసి మళ్ళీ కడుక్కుంది. అప్పుడు వెళ్ళి పాప తల నిమిరి, "మల్లి దగ్గర ఉండు" అని చెప్పి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని బాట పట్టింది. సాయంత్రానికి వినుకొండలో వాళ్ళ అన్నగారింటికి వెళ్ళిపోయింది.

అత్తగారు నన్ను తిట్టని తిట్టు లేదు. "పెంచుకోవే అని నేనంటే, ఇంకోసారి ఆ మాటంటే ఈ ఇంట్లో ఉండనని నా నోరు మూయించింది అది! నువ్వు వింటే ఉసూరుమంటావని గొంతు తగ్గించి చెప్పింది! దానికా నువ్వు మందులంటగట్టేది?" అన్నారు.

ఇప్పుడు ఎన్నయినా చెబుతారు.

ఫిబ్రవరి 16

98.4. 98.6. చూడు, అక్క వెళ్ళగానే వేడి కూడా తగ్గింది.

ఇక పాప నా దగ్గరే నేర్చుకుంటుంది. పొద్దుటి నుంచి ఎదురుగా కూర్చోబెట్టుకుని "అమ్మ. అను. అమ్మ" అని చెబుతున్నాను. అనలేదు. మొదటి రోజే కదా.

ఫిబ్రవరి 18

98.4. ఏమీ అనలేదు. "బువ్వ" కూడా అనలేదు.

ఫిబ్రవరి 19

ఏమీ లేదు.

ఫిబ్రవరి 21

98.6. 98.8.

అక్క లేదు కాబట్టి కల్లం పని నా మీద పడింది. పెళ్ళయిన ఏడాదికే కడుపు, ఆ తర్వాత జబ్బు. కల్లంలో కూర్చోవడం నాకు ఇదే మొదలు. పొద్దున్నుంచీ ఒకటే కేకలు. "అమ్మా, గోతాం!" "అమ్మా, మంచినీళ్ళు!" "అమ్మా, ఈ తాలుకాయలు ఎక్కడ పొయ్యమంటారు?" ఒక పూటలో నన్ను వాళ్ళంతా కలిసి ఎన్నిసార్లు అమ్మా అన్నారో. పోయిన ఏడాదంతా ఈ జాగాలో ఈ కేకలకు పలికింది అక్క. పాప ఆమె చంకలో ఉండేది. ఇంట్లో నన్ను అత్తగారూ అక్కా పిలిచేది మల్లీ అనే.

ఈ సంగతి మీద ఇంకేమీ రాయను.

మధ్యాహ్నం పాపకు ముక్కు కారుతుంటే వేళ్ళతో తుడిచాను. గుక్కపట్టి ఏడ్చింది. "మంట! మంట! అమ్మా!" ఏడెనిమిది రోజులకు దాని నోట వచ్చిన మాటలివి. "కారం చేతుల్తో పిల్లని ముట్టుకుంటారా తల్లీ! పెద్ద కోడలుగారు రెండుసార్లు కడుక్కుంటే గానీ పాప మీద చెయ్యేసేవారు కాదు" అని ఒక కూలామె పరిగెత్తుకొచ్చి పాలతో మొహం కడిగింది. నాకు ఏడుపొచ్చింది. కారం వల్లే.

ఫిబ్రవరి 25

98.6.

రసూల్‌బీ వచ్చింది. గంపలో వేర్లూ కొమ్ములూ దిష్టిపూసలూ పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. ఎవరూ లేని సమయం చూసి డబ్బా చూపించాను. "ఇది ఏం మందో చెప్పు. నిజం చెప్పు" అన్నాను.

వాసన చూడగానే నవ్వింది. "ఇది వసకొమ్ము గదా తల్లీ! ఆముదం దీపానికి కాల్చి అరగదీసి నాలిక్కి రాస్తే పిల్లకి మాట బాగా వచ్చిద్ది. నేనే ఇచ్చినా మీ బసవమ్మకి."

"అప్పుడు మాటలు బాగానే వచ్చేవి కదా దానికి?"

"నీ ఎదట రావటంలేదంట. మల్లిని చూస్తే పిల్ల నోరు కట్టేసుకుంటంది బీబీ, ఒక్కసారి అమ్మా అని పిలిస్తే దాని పాణం కుదటపడుద్ది, కొమ్మేదన్నా ఇయ్యి అని అడిగింది. పొద్దుటే రాసి చెవులో మల్లే మీ అమ్మ అని చెప్పమన్నా. చెప్పిందో లేదో మరి."

చెప్పింది. చావిడి వెనక చెవిలో మళ్ళీ మళ్ళీ చెప్పింది. నేను చూశాను.

కానీ రసూల్‌బీకి అక్కంటే ఇష్టం. అక్క ఆమెకు ఎప్పుడొచ్చినా అన్నం పెడుతుంది. అక్క నేర్పిన మాటలే చెబుతోందేమో. ఏమో.

ఫిబ్రవరి 26

వసకొమ్ము వాసనే అది. మా వేటపాలెంలో నాయనమ్మ నా తమ్ముడికి రాసేది. ఎలా పోల్చుకోలేకపోయాను?

ఫిబ్రవరి 28

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

నేను వంటింట్లో ఉన్నాను. వసారాలో పాప గొంతు వినపడింది. మాట్లాడుతోంది! రెండు వారాల తర్వాత! పొయ్యి దగ్గర్నుంచి ఒక్క అంగలో లేచి, బెదురుతుందని తలుపు చాటునే ఆగాను.

పాత గుడ్డలతో అక్క చుట్టి ఇచ్చిన బొమ్మ ఉంది. పాప దాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. దాని గడ్డాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకుంది. గుడ్డ నలిగిపోయేటంత గట్టిగా. కనుబొమలు ముడిచి, మొహం బొమ్మ మొహానికి ఆనించి అడుగుతోంది.

"ఎవలు నేప్పాలే? చెప్పు. ఎవలు నేప్పాలే?"

బొమ్మ తరఫున తనే "మంట" అంది. మళ్ళీ అడిగింది.

పాప నోట నేను విన్న మొట్టమొదటి పూర్తి వాక్యం ఇది. ఎవరి దగ్గర ఎత్తుకుందో కనిపెట్టాల్సిన పని లేదు. ఆ వేళ్ళు నావి, ఆ ముడిచిన మొహం నాది. నెలన్నర రోజుల్లో నా బిడ్డకు నేను నేర్పింది ఇదొక్కటే. ఛీ, నా బతుకు!

జనవరిలో మొదలుపెట్టిన ఆ మాటల పేజీ చింపి పొయ్యిలో పెట్టాను.

మార్చి 2

వేడి చూసుకోలేదు.

పొద్దున్నే ఆయన్ని బండి కట్టమన్నాను. "ఎక్కడికి? మందులకా?" అన్నారు. "వినుకొండ. అక్క దగ్గరికి" అన్నాను. ఆయన అంత చురుగ్గా ఎడ్లను కట్టడం నేనెప్పుడూ చూడలేదు.

దారిలో పాప నా పక్కన కూర్చుంది. ఊరు దగ్గరపడుతుంటే వేలు చూపించి, "అదుగో, కొండ. పెద్ద కొండ" అన్నాను. పలకలేదు. అనమని అడగలేదు. నా చేతులు నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

అక్క వాళ్ళ అన్నగారి వాకిట్లో గిన్నెలు తోముతోంది. పాప బండిలోంచి దూకినంత పని చేసి, "అమ్మా!" అని వెళ్ళి కాళ్ళకు చుట్టుకుంది. అక్క ఎత్తుకోలేదు. తడి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఎత్తుకో అక్కా" అన్నాను.

"నీ బిడ్డ. నేను ముట్టుకుంటే మళ్ళీ ఏం మందంటావో, పాతికమందిలో."

"తప్పయింది. ఆ రోజు కల్లంలో అన్న మాటకి నా నోరు పడిపోను. నన్ను నాలుగు తిట్టు, కొట్టు, ఇంటికి మాత్రం రా."

అక్క వంగి గిన్నె ఒకటి బోర్లించింది. తర్వాత, "నువ్వు చదువుకున్నదానివి, నాటుమందులంటే గయ్యిమంటావని చాటుగా రాశా. నిన్ను అమ్మా అని పిలిపిద్దామని రాశా. అదే నేను చేసిన నేరం" అంది.

"రసూల్‌బీ చెప్పింది."

"ఎప్పుడు?"

"మొన్న బుధవారం."

"చెప్పినాక కూడా ఇన్ని రోజులు పట్టిందా నీకు?"

"పట్టింది" అన్నాను.

"అది నన్ను అమ్మా అనే అంటది మరి. నేనేమీ మాన్పించలేను. మాన్పించబోతే ఏడుస్తది."

"అననీ" అన్నాను.

అప్పుడు అక్క చేతులు చీర చెంగుకు తుడుచుకుని పాపను ఎత్తుకుంది. ఎత్తుకున్నాక ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వాళ్ళ వదినగారు మజ్జిగ ఇచ్చి ఇద్దర్నీ కసిరింది.

తిరిగి వచ్చేటప్పుడు పాప అక్క ఒళ్ళో కూర్చుంది. బండి ఊరు దాటింది. పాప వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నా మోకాలు తట్టింది. "మల్లీ, కొండ" అంది.

"అబ్బో, కొండంటందే! ఎవరు నేర్పారే నీకు?" అంది అక్క, మురిసిపోతూ.

ఆ ప్రశ్న చెవిన పడగానే పాప రెండు చేతులూ పైకి లేచి గడ్డాన్ని మూసుకున్నాయి. అక్కకు అర్థం కాలేదు. నవ్వుతూ మళ్ళీ అడిగింది, "చెప్పవే బంగారూ, ఎవరు నేర్పారు?"

పాప అక్క మొహం చూసింది. నా చేతులు చూసింది, అవి ఒళ్ళోనే ఉన్నాయి. మెల్లగా గడ్డం మీది చేతులు తీసి, నా వంక వేలు చూపించింది.

"మల్లి" అంది.

నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి "మళ్ళీ దగ్గొస్తందా?" అని అడిగారు. లేదని చెప్పాను.